ఎఎల్‌డీ ఉన్న బాబుకి ఎంఆర్ఐ తీయించే ముందు

ఇంట్లో ఒక మగపిల్లాడికి అడ్రినోల్యూకోడిస్ట్రఫీ (ఎఎల్‌డీ, మెదడుని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) అని తేలితే అన్నదమ్ములందరికీ రక్తపరీక్ష చేయించండి, అదే జబ్బు బయటపడిన పిల్లలకి లక్షణాలేమీ లేకపోయినా 3 నుంచి 12 ఏళ్ల దాకా ఆరు నెలలకోసారి తల ఎంఆర్ఐ తప్పనిసరి. "చక్కగా ఆడుకుంటున్నాడు కదా, ఊరికే బెంగళూరు తిప్పడం ఎందుకు" అని మన అనంతపురంలో పెద్దవాళ్లు అంటారు. వినకండి. మెదడులో తెల్లపదార్థం దెబ్బతినడం ముందు స్కాన్‌లో కనిపిస్తుంది, చదువు తగ్గడం, చూపు, వినికిడి మందగించడం ఆ తర్వాత మొదలవుతాయి, బోన్‌మారో మార్పిడి బాగా పనిచేసేది ఆ మొదటి దశలోనే.

ఇది తల్లి వైపు నుంచి వచ్చిందని ఆమెను ఎత్తిపొడిచే ఇళ్లు ఉన్నాయి, దయచేసి ఆ పని చేయొద్దు. ఆమె అక్కచెల్లెళ్ల కొడుకులకూ పరీక్ష కావాలి, వాళ్లకి ఫోన్ చేసి చెప్పాల్సింది ఆమే.

మత్తు ఇస్తారంటే అన్నిటికంటే ముఖ్యం ఇది. ఈ జబ్బులో మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కూడా దెబ్బతింటాయి కాబట్టి బాబు ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్ర వాడుతుంటే మత్తు డాక్టరుకు మీరే ముందుగా చెప్పాలి, ఆ రోజు మోతాదు పెంచాల్సి ఉంటుంది. పరగడుపున రమ్మన్నారు కదా అని మాత్ర మానేయకండి, ఎప్పుడు ఎలా వేయాలో అడిగి రాసుకోండి. మామూలుగా అన్నం, టిఫిన్ ఆరు గంటల ముందే ఆపమంటారు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వనిస్తారు.

ఆరేడేళ్ల పిల్లాడైతే మత్తు లేకుండానే చాలాసార్లు అయిపోతుంది, కాకపోతే ఇంట్లో అలవాటు చేయాలి. మంచం కింద వెల్లకిలా పడుకోబెట్టి, ఫోన్‌లో ఆ మిషన్ టకటక, ఢమఢమ చప్పుళ్లు పెట్టి, ముందు రెండు నిమిషాలు, తర్వాత ఐదు, పది, అలా పెంచుతూ పోండి. ముక్కు దురద పెట్టినా చెయ్యి లేపకూడదని ఆటలా నేర్పించండి, తల కదిలితే బొమ్మ మసకబారుతుంది. మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు, చొక్కాకి పెట్టిన పిన్నీసు ఇంట్లోనే తీసేయండి.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో మార్పులు స్పష్టంగా కనపడేందుకు ఇచ్చే మందు) కావాలేమో చీటీ రాసేటప్పుడే అడగండి, మచ్చ ఉంటే అది ఇంకా ముదురుతోందా లేదా అన్నది దాంతోనే బాగా తెలుస్తుంది. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సీడీ అడిగి తీసుకోండి, పాత సీడీ కూడా వెంట తీసుకెళ్లి రెండూ పోల్చి లోయెస్ స్కోరు (ఈ జబ్బుతో మెదడు ఎంత దెబ్బతిందో స్కాన్ చూసి వేసే అంకె) రాయమనండి. 0 అంటే ఎంఆర్ఐలో ఈ జబ్బు మార్పులేమీ లేనట్టు, 34 దాకా పోతుంది. వచ్చే స్కాన్ తేదీ అక్కడే రాయించుకుని బయల్దేరండి.