వరద కొలుద్దాం – మూడో పాఠం: గోడ మీది గీత

కిందటి పాఠంలో సరంజామా సిద్ధం చేసుకున్నాం: టేపు, చెరగని మార్కర్, నోటుపుస్తకం, మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ (నీరు నింపిన పారదర్శక గొట్టం, దాని రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది). ఇక వీధిలోకి దిగుదాం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు ఇంట్లోకి ఎంత నీరు వచ్చిందని విజయవాడ సింగ్‌నగర్‌లో అడిగి చూడండి. ఒకరు మోకాలి లోతంటారు, ఎదురింటివారు పీకల్లోతంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకరి గచ్చు రోడ్డుకు మూడడుగుల ఎత్తున ఉంటుంది, ఇంకొకరిది రోడ్డు కన్నా పల్లంలో ఉంటుంది. లోతు ఇంటింటికీ మారుతుంది. మనం రాసుకోవలసింది మట్టం, అంటే సముద్రమట్టానికి ఎంత ఎత్తున నీరు నిలిచిందన్నది. ఈ తేడా పట్టుబడితే సగం పాఠం వచ్చినట్టే.

ముందు గుర్తు వెతకాలి. బయటి గోడ మీద గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కానీ దాన్ని తొందరపడి నమ్మకండి. సహాయక పడవలు, ట్రాక్టర్లు వెళ్లిన ప్రతిసారీ అల లేచి గోడకు కొడుతుంది. ఇంటి లోపల నీరు కదలకుండా నిలుస్తుంది కాబట్టి అక్కడి గీతే మేలు. నీరు తీయగానే ఇల్లాలు గోడలు కడిగేస్తుంది, బీరువా వెనక మాత్రం చెయ్యి పోదు. అక్కడ చూడండి. గోడ అలమర తలుపు లోపలివైపు, మీటరు పెట్టె లోపల, కిటికీ దోమల జాలీలో చిక్కుకున్న గడ్డిగింజలు, సన్నని చెత్త కూడా మంచి సాక్ష్యాలే.

ఒక చిక్కుంది. సున్నం, సిమెంటు పూత నీటిని పైకి పీలుస్తాయి. అందుకే చెమ్మ మరక అసలు మట్టం కన్నా పైకి పాకి ఉంటుంది. మనకు కావలసింది బురద గీత. నీరు రోజుల తరబడి నిలిచి మెల్లగా తగ్గితే ఒకే గోడ మీద మూడు నాలుగు గీతలు పడతాయి. వాటిలో అన్నిటికన్నా పై బురద గీతనే తీసుకోండి. కట్టకు గండి పడిన చోట, నీరు ఉరికిన సందుల్లో గుర్తులు వద్దు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో వచ్చే నీరు ఎదురుపడిన స్తంభం మీద దాదాపు 20 సెంటీమీటర్లు ఎగబాకగలదు.

గీత దొరికాక ఇంటివారి అనుమతి అడగండి: "అమ్మా, ఇక్కడ చిన్న గుర్తు పెట్టుకోవచ్చా?" అడ్డంగా చిన్న గీత గీసి తేదీ వేయండి. టేపు ఆనించి దగ్గరి నుంచి ఒక ఫొటో, ఇల్లంతా కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి తీయండి. నీరు ఏ వేళకు గరిష్ఠానికి చేరిందో కూడా అడగండి. ఆ సంగతి గోడ చెప్పదు.

తరువాత ట్యూబ్ లెవెల్. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. నింపేటప్పుడే కళ్లు పెట్టి చూడండి. ఒక కొస గుర్తు దగ్గర, రెండో కొస గేటు స్తంభం దగ్గర పట్టుకుని, రెండు మూతులూ తెరిచి, నీరు ఊగడం ఆగేదాకా ఉండండి. ఇలా గీతను రోడ్డు పక్క స్థిరమైన రాతి మీదికి తేవచ్చు. అక్కడి నుంచి సముద్రమట్టంతో ముడిపెట్టడానికి సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు (సముద్రమట్టానికి ఎంత ఎత్తో ముందే కొలిచి పెట్టిన స్థిరమైన గుర్తు) కావాలి, లేదా సర్వేయరు పరికరం కావాలి. ఫోను చూపించే ఎత్తు ఈ పనికి చాలదు. అది మీటర్లలో తప్పుతుంది.

తీరంలో ఉప్పెన కొలవడం వేరే విద్య. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి చోట ఇసుక మీద చెత్త ఆగిన వరస చూసి ఉప్పెన ఎత్తు చెప్పకూడదు, అది అల ఎగసిన హద్దు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ సిబ్బంది హరికేన్ రాకముందే వంతెన స్తంభాలకు, రేవు కట్టడాలకు పీడన సెన్సర్లు బిగించి వస్తారు. గాలి పీడనం కొలిచేందుకు మరికొన్ని సెన్సర్లు నీరు అందని చోట పెడతారు. నీటి అడుగున ఉన్న సెన్సరు చూపిన పీడనంలోంచి గాలి పీడనాన్ని తీసివేస్తేనే అసలు మట్టం తేలుతుంది. ఆ సంగతి నాలుగో పాఠంలో.

ఈలోగా అభ్యాసం: మీ వీధిలో మూడు ఇళ్ల గుర్తులను ఒకే రాతి మీదికి తెచ్చి చూడండి. నిలిచిన నీరైతే మూడూ కొద్ది సెంటీమీటర్ల తేడాతో కలవాలి. ఒకటి విడిగా నిలిస్తే ముందు గొట్టంలో బుడగ వెతకండి, ఆ తరువాత ఆ గీత బురదదా, చెమ్మదా అని మళ్లీ చూసి రండి.