చలికాలం పొద్దున నడకకు బయల్దేరే ముందు

ముందు ఫోన్‌లో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) అంకె చూడండి, అదీ ఇంటికి దగ్గర్లోని గాలి నాణ్యత కొలిచే కేంద్రానిది, గడిచిన గంటది. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

తెల్లవారుజామున గాలి శుభ్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. రాత్రి నేల చల్లబడితే పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, దుమ్ము కిందే ఉండిపోతాయి. దూరంగా లేచిన పొగ పైకి పోకుండా అడ్డంగా పరుచుకుంటోందా? ఇంకా ఆగండి. ఎండెక్కాకే బయల్దేరండి.

గుడ్డ మాస్కు సన్నని ధూళిని సరిగా ఆపలేదు. సన్నని ధూళిని వడకట్టే ఎన్95 మాస్కు పెట్టుకుని, ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊదండి. కళ్లద్దాలు మసకబారాయంటే పైన సందు ఉన్నట్టే. గడ్డం ఉంటే అంచు అతకదు.

పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధి పట్టండి.

ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో ఉందో లేదో ఒక్కసారి తడిమి చూసుకోండి, దయచేసి.