వైద్య పరిశోధన పత్రం చదవడం – 5వ పాఠం: నయమైంది సరే, ఎన్నో రోజుకి?

గత పాఠంలో రోగులను వర్గాలుగా ఎలా విడదీస్తారో చూశాం. ఈసారి ఫలితాల పట్టిక దగ్గరకు వద్దాం. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో కాలా అజార్ (లీష్మేనియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) రోగులపై జరిగి, 2010లో వెలువడిన ప్రయోగమే మన ఉదాహరణ.

ఒక వర్గానికి లిపోసోమల్ (సన్నని కొవ్వు గుళికల్లో పొదిగిన) యాంఫోటెరిసిన్-బి: కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, ఒకే ఒక్క మోతాదు. రెండో వర్గానికి మామూలు యాంఫోటెరిసిన్-బి: కిలోకు 1 మిల్లీగ్రాము, రోజు విడిచి రోజు, 15 సార్లు.

30వ రోజు వరుసపై వేలు పెట్టండి. నయమైనట్టు కనిపించినవారు మొదటి వర్గంలో 100 శాతం, రెండో వర్గంలో 98 శాతం. ఇక్కడితో పట్టిక మూసేసేవారే ఎక్కువ. కిందికి దిగండి. ఆరు నెలలకు 95.7, 96.3. నన్నడిగితే అసలు ఫలితం ఇదే. సారాంశంలో మొదటి నెల అంకెను మాత్రమే మెరిపించే పత్రాలను నేను అనుమానంతోనే చదువుతాను.

ఎందుకంటే 30వ రోజున చూసేది జ్వరం పోయిందా, ప్లీహం తగ్గిందా, పరాన్నజీవి కనిపిస్తోందా అని. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. మిగిలిపోయినవాటిని అదుపులో పెట్టాల్సింది రోగి టి కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు). కాలా అజార్ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. జబ్బు ముదిరినప్పుడు రోగి రక్తం నుంచి వేరుచేసిన కణాలకు లీష్మేనియా యాంటిజెన్ (రోగనిరోధక కణాలు గుర్తుపట్టే పరాన్నజీవి భాగం) తగిలించినా అవి స్పందించవు. ప్లీహంలో ఇంటర్‌ల్యూకిన్-10 (రోగనిరోధక కణాల మధ్య సంకేతంగా పనిచేసే ప్రోటీన్) పెరిగి, పరాన్నజీవి కాపురముండే మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవులను మింగి చంపే కణాల) చంపే శక్తిని అణచివేస్తుంది. నయమయ్యాక ఆ స్పందన తిరిగి వస్తుంది.

అందుకే మందు పేరొక్కటే చూస్తే చాలదు. టి కణాలు లేని ఎలుకల్లో కాలా అజార్‌కు పాత మందైన యాంటిమొనీ పనిచేయలేదు, యాంఫోటెరిసిన్-బి మాత్రం పరాన్నజీవిని చంపగలిగింది. యాంటిమొనీకి శరీరం తోడు కావాలన్నమాట. (ఉత్తర బీహార్‌లో ఆ మందు విఫలమవడానికి పరాన్నజీవి మొండికేయడం ప్రధాన కారణం. ఈ రెండింటినీ కలపకండి.)

అభ్యాసం: హెచ్‌ఐవీ కూడా ఉన్న కాలా అజార్ రోగులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆగ్నేయాసియా కోసం సూచించిన చికిత్స ఇది: లిపోసోమల్ యాంఫోటెరిసిన్-బి మొత్తం కిలోకు 30 మిల్లీగ్రాములు, దానితోపాటు 14 రోజులు మిల్టెఫోసిన్ మాత్రలు. పై ప్రయోగంలో 10 మిల్లీగ్రాములు సరిపోగా ఇక్కడ మూడింతలు, పైగా రెండో మందు ఎందుకు? మూడు వాక్యాల్లో రాయండి. ‘రోగనిరోధక శక్తి తక్కువ’ అని మాత్రమే రాస్తే సగం మార్కులే. ఎన్నో నెలలో ఏమి జరుగుతుందని భయమో కూడా రాయాలి.

95.7 పక్కన ‘93.4–97.9’ అని ఉంటుంది. దాని సంగతి 6వ పాఠంలో.