ఆపరేషన్ అయిన కుక్కకి కుట్లు చీము పట్టకుండా ఎలా చూసుకోవాలి?

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి కుక్కను ఇంటికి తెచ్చారా? ముందు దాన్ని పక్కకు పడుకోబెట్టి, పొట్ట మీది కుట్లను మంచి వెలుతురులో ఫోటో తీయండి. రోజూ పొద్దున, సాయంత్రం ఒక్కో ఫోటో. నిన్న ఎరుపు ఎంతుందో మనకి గుర్తుండదు, ఫోటోలు పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు అంచులు కాస్త ఎర్రగా, ఉబ్బినట్టు ఉండటం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. కానీ తగ్గాల్సిన వాపు పెరుగుతున్నా, చెయ్యి పెడితే వేడిగా తగిలినా, చీము, వాసన వచ్చినా, కుట్టు విడినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మా కుక్కకి ఆరో రోజు ఒక కుట్టు దగ్గర వెంట్రుకలు తడిసి కుచ్చులా అంటుకున్నాయి, తెల్లగుడ్డతో అద్దితే పసుపుపచ్చ మరక. అన్నం తింటోంది, తోక ఊపుతోంది కదా అని ఆగాను. తెల్లారేసరికి రెండు కుట్లు విడిపోయాయి.

ముందు రాత్రి జాలిపడి, కుట్లు నాకకుండా మెడకి కట్టే గరాటులాంటి కోన్ తీసేశాను, అదీ నేను చేసిన తప్పు. కుక్క నోట్లో, చర్మం మీద మామూలుగానే ఉండే బాక్టీరియా నాకినప్పుడు గాయంలోకి దిగుతుంది, పైగా కుట్లూ ఊడతాయి. అందుకే కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, తినేటప్పుడు మీరు పక్కనే కూర్చుంటే తప్ప కోన్ తీయొద్దు. దాని అంచు ముక్కు కొస దాటి ఉండాలి, పొట్టిదైతే నాలుక అందుతుంది.

స్నానం వద్దు, గెంతులు వద్దు, పడక గుడ్డ రోజూ మార్చండి. ఈగలు వాలితే పురుగులు పడతాయి కాబట్టి ఇంట్లోనే ఉంచండి. పసుపు, కొబ్బరినూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ రాయకండి. నొప్పికి మనం వేసుకునే బిళ్ళలు అసలే వద్దు: ఐబుప్రోఫెన్ కుక్క కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది, పారాసెటమాల్ కూడా వద్దు, పిల్లికైతే ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి.

మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటినా, తిండి మానేసినా ఫోన్ చేయండి. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ మాత్రం వేయకండి, చీము పరీక్షకి పంపేలోపు మందు పడితే ఏ బాక్టీరియానో సరిగ్గా తేలకపోవచ్చు.

కుట్లు తీశాక కూడా, ఆపరేషన్ అయిన 30 రోజుల దాకా, అప్పుడప్పుడు ఆ చోటు తడిమి చూస్తూ ఉండండి. లోపల గట్టిగా, నొప్పిగా తగిలితే మళ్లీ చూపించాల్సిందే.