రినైసాన్స్ కాలపు తల్లీబిడ్డల బొమ్మను ఎలా చూడాలి?

రినైసాన్స్ అంటే సుమారు 1400-1600 మధ్య యూరప్‌లో కళలు కొత్తగా వికసించిన కాలం. మరియమ్మ, బాల యేసు ఉన్న ఆనాటి ఇటలీ పెయింటింగులు వరసగా చూస్తుంటే కాసేపటికి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అందుకే వంద చూడొద్దు, ఒక్కటి పట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. నేనైతే ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ 1505-06 ప్రాంతంలో ఒక పెళ్ళి సందర్భంగా వేసిన 'గోల్డ్‌ఫించ్ మడోన్నా'తో మొదలుపెట్టమంటాను (మడోన్నా అంటే మరియమ్మే). అసలు బొమ్మ ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. నెట్‌లో పెద్ద సైజు ఫొటో దొరికినా చాలు.

1. ముఖాలు తర్వాత, ముందు చేతులు చూడండి. ఎడమవైపు ఉన్న పిల్లాడు యోహాను, పెద్దయ్యాక బాప్తిస్మమిచ్చే యోహాను ఇతనే. రెండు చేతుల్లో ఒక చిన్న పిట్టను పట్టుకుని చూపిస్తున్నాడు, యేసు చెయ్యి చాచి దాని తల నిమురుతున్నాడు. తల్లి ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, రెండో చెయ్యి యోహాను మీద వేసింది.

2. ఆ పిట్ట సంగతి తెలుసుకోండి, బొమ్మంతా ఇక్కడే ఉంది. గోల్డ్‌ఫించ్ ముఖం మీద ఎర్రటి మచ్చ ఉంటుంది. సిలువ దారిలో యేసు ముళ్ళకిరీటం నుంచి అది ఒక ముల్లు పీకిందని, అప్పుడు చిందిన రక్తపు చుక్కే ఆ మచ్చ అని యూరప్‌లో ఒక కథ. అంటే పసివాడు ఆడుకుంటున్నది తన చావు గుర్తుతోనే. అది తెలిశాక మళ్ళీ తల్లి ముఖం చూడండి. ఇందాక ప్రశాంతంగా కనిపించిన ఆ వాలుచూపు నాకైతే దిగులుగా కనిపిస్తుంది.

3. కిందికి రండి. బిడ్డ పాదం తల్లి పాదం మీద ఉంది. పిల్లల్ని పెంచినవాళ్ళకి ఆ బరువు తెలుసు.

4. ఇప్పుడు వెనక్కి జరిగి మొత్తం చూడండి, ముగ్గురూ కలిసి ఒక త్రికోణంలో ఒదిగిపోతారు. ఈ అమరిక రఫాయెల్ లియొనార్డో డా విన్చీ బొమ్మలు చూసి నేర్చినదే. ఆమె పైవస్త్రం నీలం. ఆ రోజుల్లో మేలురకం నీలిరంగును అఫ్ఘానిస్తాన్ గనుల నుంచి వచ్చే లాపిస్ లాజులీ రాయి నూరి తీసేవాళ్ళు, చాలా ఖరీదు, అందుకే ఎక్కువగా మరియమ్మ బట్టలకే దాచుకునేవాళ్ళు.

5. తర్వాత లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న మరో ఇటలీ చిత్రకారుడు బెల్లీని బొమ్మ 'పచ్చికబయలు మడోన్నా' తెరవండి. బిడ్డ తల్లి ఒళ్ళో అడ్డంగా పడి నిద్రపోతున్నాడు, ఆమె చేతులు జోడించింది. సిలువ మీంచి దించిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న మరియమ్మ బొమ్మలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి. అలాంటిదొకటి దీని పక్కన పెట్టి చూడండి.