కింది అంచు నుంచి మొదలుపెట్టండి: పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నాటకాల వాల్‌పోస్టరును చదివే పద్ధతి

పాత అమెరికా నాటకాల పోస్టరు కంటబడగానే ఎవరి చూపైనా ముందు బొమ్మ మీదికే పోతుంది; అలా పోవాలనే దాన్ని గీశారు. అది ఏ కాలానిదో, ఎక్కడ అచ్చయిందో, ఎందుకు వేశారో తెలుసుకోవాలంటే మాత్రం చూపును కింది అంచుకు దించాలి. బొమ్మ కంపెనీ మేనేజరు చెప్పుకునే మాట. అంచున ఉన్న సన్నటి అక్షరాలు చట్టం చెప్పించిన మాట. ఆ రెండూ విభేదించినప్పుడు నేను అంచునే నమ్ముతాను. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న నాటకాల పోస్టర్లను ఎన్నింటినో ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది కనుక, పెద్ద సైజు ఫైలు ఒకటి తెరిచి పెట్టుకుంటే ఈ సాధన ఇంట్లోనే చేయవచ్చు.

మొదట కాపీరైటు వాక్యం కోసం వెదకండి. అందులో ఫలానా జిల్లా కోర్టు క్లర్కు కార్యాలయంలో నమోదైందని ఉంటే ఆ పోస్టరు 1870కి ముందుదని దాదాపుగా తేల్చుకోవచ్చు, ఎందుకంటే ఆ ఏడాది వచ్చిన చట్టంతో నమోదు పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు మారింది. ఆ తరువాతి పోస్టర్లలో వాషింగ్టన్‌లోని లైబ్రేరియన్ పేరిట పొడవైన వాక్యం కనిపిస్తుంది. 1874లో ఆ పొడవు తగ్గించుకోవడానికి మరో చట్టం వీలు కల్పించడంతో, ‘కాపీరైట్’ అనే మాట, సంవత్సరం, హక్కుదారు పేరు ఉంటే చాలునన్న పొట్టి రూపం వాడుకలోకి వచ్చింది. ఇక్కడ పొరపడే చోటు ఒకటుంది: ఆ సంవత్సరం బొమ్మను నమోదు చేసిన సంవత్సరమే తప్ప నాటకం ఆడిన సంవత్సరం కానక్కర లేదు, ఒకసారి గీసిన బొమ్మను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చు వేసుకునేవారు. అసలు ప్రకటన బొమ్మకు కాపీరైటు చెల్లుతుందా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బఫలో నగరపు కొరియర్ కంపెనీ వేసిన సర్కస్ పోస్టర్లను మరో అచ్చుకంపెనీ నకలు తీసిన కేసులో, ప్రకటన అయినంత మాత్రాన బొమ్మకు రక్షణ పోదని 1903లో జస్టిస్ హోమ్స్ తీర్పు రాశారు.

తరువాత అచ్చుకంపెనీ పేరు చూడండి. చిత్రకారుడి సంతకం చాలా పోస్టర్ల మీద ఉండదు, కంపెనీ పేరు మాత్రం తరచుగా ఉంటుంది: సిన్సినాటిలో స్ట్రోబ్రిడ్జ్, బఫలోలో కొరియర్, క్లీవ్‌లాండ్‌లో డబ్ల్యు. జె. మోర్గన్, హార్ట్‌ఫర్డ్‌లో కాల్హూన్. ఆ ఊరి పేరును చూసి నాటకం అక్కడే ఆడిందని అనుకోకూడదు. న్యూయార్క్‌లో తయారైన ప్రదర్శనకు సిన్సినాటిలో పోస్టర్లు అచ్చు వేయించి, రైలు మీద ఊరూరా పంపించేవారు.

ఇప్పుడు అచ్చు పద్ధతి. 1840ల, 50ల నాటి పెద్ద రంగుల పోస్టర్లు ఎక్కువగా కొయ్య దిమ్మల మీద చెక్కి వేసినవి. వాటిలో గీతలు మొద్దుగా, రంగులు అతికించినట్టు విడివిడిగా ఉంటాయి. ఆ తరువాత రాతి అచ్చు, అంటే లితోగ్రఫీ, రాజ్యమేలింది. సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయిని వాడి, అదే కాగితాన్ని వరుసగా అన్నిటి మీదా ఒత్తేవారు. ఏ రాయి కాస్త పక్కకు జరిగినా బుగ్గ ఎరుపు బుగ్గ దాటి బయటకు వస్తుంది. అంచుల దగ్గర అలాంటి చోట్లు వెదికితే ఎన్ని రంగులు వాడారో లెక్క తేలుతుంది. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు లక్ష్మీ సరస్వతుల పటాలను అచ్చు వేసిందీ ఈ పద్ధతిలోనే కనుక, పాత పటం ఇంట్లో ఉన్నవారు దాన్ని భూతద్దంతో చూస్తే రంగు ఛాయల కోసం రాతి మీద చేత్తో పొడిచిన చుక్కల తీరు ఇట్టే పట్టుబడుతుంది.

పోస్టరులో థియేటరు పేరు, తేదీ లేకపోవడం లోపం కాదు. కంపెనీ వాటిని ఖాళీ జాగాతో పంపేది. ఆ ఊళ్లో అచ్చొత్తించిన కాగితపు పట్టీని కింద అతికించేవారు. ఏ కంపెనీకైనా పనికొచ్చేలా, పేరు కూడా లేకుండా గీసి పెట్టిన బొమ్మలు సైతం అమ్మకానికి ఉండేవి. పిండి జిగురుతో గోడలకెక్కినవి దాదాపు అన్నీ వానకు, కొత్త పోస్టర్ల అడుగున నశించాయి. నేడు మిగిలినవి చాలావరకు కాపీరైటు కోసం దాఖలు చేసిన ప్రతులో, వాడకుండా మిగిలిపోయినవో కావడం వల్లనే అంత శుభ్రంగా కనిపిస్తాయి.

ఇంత అయ్యాకనే బొమ్మ దగ్గరకు రండి. 1852లో పుస్తకంగా వచ్చిన హారియట్ బీచర్ స్టోవ్ నవల, బానిసత్వాన్ని ఎండగట్టిన ‘అంకుల్ టామ్స్ కాబిన్’ అదే ఏడాది రంగస్థలమెక్కి, శతాబ్దం చివరికి ఊరూరా తిరిగే లెక్కలేనన్ని కంపెనీలకు బతుకుతెరువైంది. ఆ పోస్టర్లలో పారిపోతున్న బానిస స్త్రీ ఎలైజా బిడ్డను పొదువుకుని మంచుపెళ్లల మీదుగా ఒహాయో నది దాటుతుంటే వెనక వేటకుక్కలు తరుముతుంటాయి. నవలలోని ఆ ఘట్టంలో కుక్కలు లేవు. జనాన్ని రప్పించడానికి కంపెనీలు వాటిని తెచ్చిపెట్టుకున్నాయి, పోస్టర్లు వాటిని ఇంకా పెంచి చూపాయి. కొన్ని కంపెనీలు ఆ కథలోని బానిస పిల్ల టాప్సీని, లాయరు మార్క్స్‌ను ఇద్దరిద్దరు చొప్పున ఒకేసారి వేదిక ఎక్కించి ‘డబుల్’ ప్రదర్శనగా చాటుకున్నాయి. కాబట్టి ప్రతి బొమ్మ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది కథలో ఉన్నదా, వేదిక మీద చూపినదా, గోడ మీద మాత్రమే ఉన్నదా? ఈ మూడింటినీ నోటుపుస్తకంలో మూడు వరుసలుగా రాసుకుంటే గందరగోళం ఉండదు.

మిన్‌స్ట్రెల్ పోస్టర్ల దగ్గర ఈ ప్రశ్న మరింత కఠినమవుతుంది. 1843లో న్యూయార్క్‌లో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ బృందంతో ఊపందుకున్న ఈ వినోదంలో తెల్లవారు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని నల్లవారిని వెక్కిరించారు. స్ట్రోబ్రిడ్జ్ 1900లో విలియం వెస్ట్ బృందానికి వేసిన పోస్టరులో హాస్యనటుడు బిల్లీ వాన్ తన సొంత తెల్లముఖంతో ఒకసారి, మసిముఖంతో ఒకసారి కనిపిస్తాడు. వేషం వెనక ఉన్నది తెల్లవాడేనని దాచకుండా చూపడమే ఆ ప్రకటనలోని ఆకర్షణ. అటువంటి బొమ్మను ‘నాటి సరదా’ అని వివరణలో రాయడం నాకు సమ్మతం కాదు. ఎవరు ఎవరిని ఎలా చిత్రించారో స్పష్టంగా రాయాలి.

కొనదలచుకున్నవారు రెండు పనులు మరవకూడదు. మొదటిది కొలత: ఒక్క షీటు పోస్టరు సుమారు 28 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు ఉంటుంది, పెద్దవాటిని మూడు, ఎనిమిది, ఇంకా ఎక్కువ షీట్లు కలిపి అతికించేవారు, అమ్మేవారు చూపుతున్నది ఒక్క షీటుదే అయి కూడా కొలత మరీ చిన్నదైతే, అంచులు కత్తిరించారా లేక తరువాతి కాలపు నకలా అని అడగండి. రెండవది భూతద్దం: రాతి అచ్చులో చుక్కలు చేతివాటాన్ని బట్టి చిన్నా పెద్దా, ఎడాపెడా ఉంటాయి, ఈ కాలపు నకలులో అవి పూలరేకుల్లా క్రమబద్ధంగా, ఒకే దూరంలో బారులు తీరి ఉంటాయి.