వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే

మాది విజయవాడ సత్యనారాయణపురంలో అపార్ట్‌మెంట్. రాత్రి ఎనిమిదయ్యేసరికి వైఫై పోవడం, రావడం, పాప ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోవడం. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే చుట్టుపక్కల రూటర్లు ఎక్కువ భాగం 6వ ఛానల్ (వైఫై సిగ్నల్ నడిచే దారి) మీదే ఉన్నాయి, మాదీ అక్కడే. అందరూ ఒకే దారిలో ఉంటే రద్దీ, అందుకే ఛానల్ మార్చాలి.

బ్రౌజర్లో 192.168.1.1 కొట్టి లాగిన్ అవ్వండి (నంబరు వేరైతే రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది). వైర్‌లెస్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఛానల్ 'ఆటో' తీసేసి 1, 6, 11లో రద్దీ తక్కువున్నది పెట్టండి. ఛానల్ విడ్త్ (వెడల్పు) 20 మెగాహెర్ట్జ్ చాలు. 3, 4 లాంటివి వద్దు, రెండు పక్కల ఛానళ్లూ తగులుతాయి. సేవ్ కొట్టి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఫైబర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందట్లేదని చెప్పే) లైటు ఎర్రగా ఉంటే మాత్రం ఛానల్ మార్చినా పనిచేయదు. అది లైను లోపం, నెట్ అబ్బాయిని పిలవాల్సిందే.